టీకా పట్టని మనుషులు

రేవు స్తంభానికి పదమూడో నంబరు జెండా ఎగరేసి అప్పటికి రెండు గంటలైంది. గంగలపేట సంతలో ఉల్లిపాయల బేరం మాత్రం ఆగలేదు. పూర్వం ప్రమాద సూచికలు పదకొండుతో ఆగిపోయేవట. 2094 నాటికి పదహారు దాకా పెంచారు. పెంచినందుకు ఎవరూ ఎక్కువ భయపడింది లేదు. సంతలో ఒకావిడ తలెత్తి జెండా చూసి, "పదమూడే గదా" అనేసి మళ్ళీ వంకాయలు ఏరుకోసాగింది.

ఆ తీరంలో ముసలివాళ్ళు వయసును గాలివానలతో చెప్పేవారు. 'పెద్ద గాలివానకి నాకు ఆరేళ్ళు' అంటే చాలు, వినేవాడికి లెక్క తెలిసిపోయేది. ఆ అలవాటు పోయింది. ఏడాదికి ఆరేడు తుఫానులు వచ్చిపడుతుంటే ఏ గాలివానని పట్టుకుని వయసు చెప్తారు? వాటికి పేర్లు పెట్టడం కూడా మానేశారు. దేశాలన్నీ కూర్చుని రాసుకున్న పేర్ల జాబితా మూడుసార్లు అయిపోయాక ఇక అంకెలే మిగిలాయి. ఇప్పుడు వస్తున్నది ఈ ఏటి అయిదోది.

స్మృతి కేంద్రం బండి సంత పక్కనే ఆగింది. అందులోంచి డాక్టర్ పినపోతు సుభద్ర ఒక పెట్టె పట్టుకుని దిగింది. నలభై ఆరేళ్ళ మనిషి. ఎవరినీ పలకరించకుండా నేరుగా ఒడ్డుకి నడిచింది. సాయంత్రం నాలుగింటికి సైరన్ మోగుతుంది. ఈలోగా తేల్చాల్సిన సంగతి ఒకటుంది: కిందటి నెల తుఫానులో గంగలపేటలో ఆరుగురు ఎందుకు చనిపోయారు? స్మృతి టీకా వేసిన ఊళ్ళో ఎవరూ చనిపోకూడదు మరి.

స్మృతి టీకా అంటే సూది మందు కాదు. దాని వెనక పెద్ద కథే ఉంది. తీరదర్శి అనే గణనయంత్రంలో మూడువందల ఏళ్ళ తుఫానుల చరిత్ర నిక్షిప్తమై ఉంది. 1839లో కోరంగి రేవుని ఊడ్చేసిన ఉప్పెన, 1977లో దివిసీమని ముంచిన ఉప్పెన, ఆ తర్వాత లెక్కకి మించి వచ్చినవీ, అన్నీ. ఆ చరిత్రంతా నమిలి నమిలి యంత్రం తేల్చిన మాట చాలా చిన్నది. ఉప్పెనని కళ్ళారా చూసినవాడు రెండోసారి హెచ్చరిక వినగానే పరిగెడతాడు. వాడి కొడుకు నడుస్తాడు. మనవడు అరుగు మీద కూర్చుని బీడీ వెలిగిస్తాడు. రోజూ మోగే హెచ్చరికలకి జనం మొద్దుబారిపోయారు, వాళ్ళని ఏ అంకే కదిలించదు.

అలాంటప్పుడు చూసినవాళ్ళ భయాన్నే అందరికీ పంచితే పోలేదా అనుకున్నారు శాస్త్రజ్ఞులు. 2051 ఉప్పెనలో తాటిచెట్టుని కావలించుకుని ఏడుగంటలు బతికిన సూరాడ ఎర్రమ్మ అనే ఆవిడ మెదడులోంచి ఆ ఏడుగంటల జ్ఞాపకాన్ని నకలు తీశారు. బురద వాసన, కుక్కల ఏడుపు, గాలి ఒక్కసారిగా ఆగిపోవడం, చీలమండకి తగిలిన మొదటి తడి, అన్నీ ఉన్నాయందులో. మొదట పెద్దవాళ్ళందరికీ వేసేశారు, అప్పట్నించీ ఎనిమిదేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ బళ్ళో నుదుటికి స్మృతిపట్టీ కడతారు. పందొమ్మిది నిమిషాలు. వారం రోజులు ఏడుస్తారు, ఆ తర్వాత మరిచిపోతారు. సైరన్ మోగగానే ఆ జ్ఞాపకం తెరుచుకుంటుంది, కాళ్ళు వాటంతట అవే తుఫాను షెల్టరు వైపు నడుస్తాయి. మొదటి పదేళ్ళూ తీరంలో ఒక్క చావు లేదు.

ఆ తర్వాత మొదలైంది. పెద్ద తుఫాను వచ్చినప్పుడల్లా ఊరికి నలుగురు, అయిదుగురు షెల్టరుకి రాకుండా ఉండిపోయి చచ్చిపోయేవారు. చూస్తే వాళ్ళందరి పేర్లూ టీకా పట్టికలో ఉండేవి. దానికి కారణం చెప్పింది సుభద్రే. ఇరవై మెదళ్ళలో ఒకటి ఈ జ్ఞాపకాన్ని నిలుపుకోదని ఆమె సిద్ధాంతం. వాళ్ళకి 'అగ్రాహ్యులు' అని పేరు పెట్టింది. కేంద్రంలో బంట్రోతు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా 'పట్టని మనుషులు' అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పేరు నిలబడింది ఆ సిద్ధాంతం మీదే.

ఆమె కూడా పట్టని మనిషే. తీరంలోనే పుట్టింది. బడి పట్టికలో టీకా వేసినట్టు రాసి ఉంది. సైరన్ వింటే మాత్రం ఆమెకి ఏమీ అనిపించేది కాదు. సైరన్ అనే కాదు, దేనికీ పెద్దగా అనిపించదు. భర్త వెళ్ళిపోతూ, "నీతో కాపురం గోడతో కాపురంలా ఉంది" అన్నాడు. ఆమె కాగితాల మీద సంతకం పెట్టి టీ పెట్టుకుంది. పుట్టిన ఊరు సముద్రంలో కలిసిపోయిన రోజు కూడా టీ తాగినట్టే జ్ఞాపకం. అలాగని రాయేమీ కాదు. భయమంటే ఎలా ఉంటుందో ఒక్కసారి తెలుసుకోవాలని మాత్రం లోలోపల ఎప్పుడూ ఉండేది.

ఒడ్డున పదిహేడు పడవలున్నాయి, ఊళ్ళో ఇళ్ళు కూడా పదిహేడే. ఒక పడవ పక్కన ముప్పై ఏళ్ళావిడ ఇసకలో కూర్చుని తాడు చుడుతోంది. పేరు బంగారి. అన్నావదినల దగ్గర ఉంటుంది. కిందటి తుఫానులో షెల్టరుకి వెళ్ళకుండానే బతికి బయటపడ్డవాళ్ళలో ఒకతె.

"సైరన్ వినపడలేదా నీకు?" అని అడిగింది సుభద్ర.

"సెవిటిదాన్నేటి, ఇనపడింది. మాయన్న ఏడుసుకుంటా ఎల్లాడు, మా వదిన ఏడుసుకుంటా ఎల్లింది. నాకేటీ అనిపించలేదు." బంగారి నవ్వింది. "భయమంతా మా వదినే పట్టుకుపోనాది మేడమ్మా, నాకేటి మిగిల్చింది?"

"ఒక్కదానివీ ఇక్కడేం చేశావు?"

"తాడు పట్టుకున్నాను. నీళ్ళు లెగిసే కొద్దీ తాడు కొంచెం కొంచెం వదలాల. బిగబట్టేస్తే పడవ మునిగిపోద్ది. ఒగ్గేస్తే ఊళ్ళోకి కొట్టుకుపోయి ముక్కలైపోద్ది. మనిషుండాల దగ్గర."

"దానికి యంత్రాలిచ్చారు కదా."

"ఇచ్చారు. రెండో గాలికే ఉప్పట్టి బిగుసుకుపోనాయి. ఇప్పుడు ఆటి మీద సేపలెండబెట్టుకుంటన్నాం, సల్లగా."

సుభద్ర పెట్టె తెరిచి ఒక పట్టీ తీసింది. మెదడులో టీకా తాలూకు ముద్రని చదివే పట్టీ అది, ఆ ఏడాదే తయారైంది. బంగారి నుదుటికి కట్టి, చెవిలోని చిన్న యంత్రంతో మాట్లాడింది.

"తీరదర్శీ, ముద్ర ఎంత చెరిగింది?"

"ముద్ర లేదు, డాక్టర్."

"అదే, పట్టలేదన్నమాట."

"కాదు. పట్టకపోతే చెరిగిన గీతలైనా ఉంటాయి. ఇక్కడ అసలు గీతే లేదు. ఈమెకి టీకా ఎన్నడూ వెయ్యలేదు."

"నీకు టీకా వెయ్యలేదా?" అని సుభద్ర బంగారిని అడిగింది. బంగారి దాచాలని కూడా చూడలేదు.

"మాయన్న రెండుపాలి కూకున్నాడమ్మా. ఓపాలి ఆడి పేరున, ఓపాలి నా గౌనేసుకుని నా పేరున. ఆడప్పట్నించీ కుళాయి సప్పుడైనా ఉలిక్కిపడతాడు పాపం. ఏటి సేస్తాం, ఇంటికో మనిషుండాల గదా. అందరూ పారిపోతే తాడెవుడు పట్టుకుంటాడు?"

"అన్ని ఇళ్ళలోనూ ఇంతేనా?"

"అన్నిళ్ళలోనూ."

"ఎవర్ని ఉంచాలో ఎవరు చెప్తారు?"

"అమ్మలు సెప్తారు."

ఇరవై రెండేళ్ళ సిద్ధాంతం, రెండు పుస్తకాలు, ఓ బంగారు పతకం. తాడు చుట్టుకుంటున్న మనిషి వాటిని అయిదు నిమిషాల్లో తేల్చేసింది. పట్టని మనుషులంటూ లోకంలో ఎవరూ లేరు. ఉన్నదల్లా వెయ్యని మనుషులు.  సుభద్ర బంగారి నుదుటి మీది పట్టీ విప్పి తనకి కట్టుకుంది. తన సంగతి పట్టికలో స్పష్టంగా ఉందన్న ధీమాతో అంతవరకూ ఆ పని చెయ్యలేదు.

"డాక్టర్," అంది తీరదర్శి, "మీకూ వెయ్యలేదు."

ఆమె ఫోను తీసి జగదల్‌పూర్‌లో ఉన్న అక్కకి చేసింది. అక్క పేరు వరాలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ సముద్రం వాసన తగలని చోటే కావాలని కొండల్లో ఉంటోంది.

"అప్పా, నా టీకా కూడా నువ్వే వేయించుకున్నావా?"

 "ఇప్పుడెందుకే అవన్నీ" అంది వరాలు.

"చెప్పు."

"అమ్మ నన్ను రెండోసారి వరసలో నిలబెట్టింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఈలోగా మన ఊరే పోయింది, నిన్ను తాడు దగ్గర నిలబెట్టే అవసరం రాలేదు. ఇంకేం చెప్పమంటావు?"

"నన్నే ఎందుకు?"

"నువ్వు ఏడ్చేదానివి కాదే. పడినా ఏడ్చేదానివి కాదు, అన్నం పెట్టకపోయినా ఏడ్చేదానివి కాదు. ఏడవని గుంటపిల్ల ఇల్లు కాస్తాదని మామ్మ అంటుండేది." అంతలో వరాలు గొంతు మారిపోయింది. "ఆ చప్పుడేంటి? గాలా? సుభద్రా, ఎక్కడున్నావే? సముద్రం దగ్గరున్నావా? నీకు దండం పెడతాను, వచ్చెయ్. వచ్చెయ్యవే తల్లీ!"

వరాలు వెక్కివెక్కి ఏడ్చింది. ఇద్దరి భయం ఆ ఒక్కదాని దగ్గరే ఉంది మరి. సుభద్ర, "వస్తాలే అప్పా, అన్నం తిన్నావా?" అని అడిగి ఫోను పెట్టేసింది. అమ్మ మీద కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఆకలేసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఊరినంతా బడి దగ్గరికి పిలిపించింది. బళ్ళో నాలుగు స్మృతిపట్టీలున్నాయి. వెయ్యనివాళ్ళు పదిహేడుమంది, పోయిన ఆరుగురికి బదులు ఆ ఇళ్ళవాళ్ళు ముందే దాచి ఉంచిన కుర్రాళ్ళతో కలిపి. నలుగురు చొప్పున కూర్చోబెడితే సైరన్ లోపల అయిపోతుంది. చివర్న మూడు పట్టీలు ఖాళీగా మిగులుతాయి, అందులో ఒకటి తనకి కట్టుకుందామని మనసులో అనుకుంది. ఈ ఒక్కసారికి నలుగురితో పాటు ఏడుస్తూ నడిచిపోవచ్చు.

కులపెద్ద వాసుపల్లి ఎర్రన్న అంతా విని తలూపాడు. ఎనభై ఏళ్ళ మనిషి, గొంతు ఎత్తడు.

"ఏసెయ్యండమ్మా, కాదన్ను. పడవ మాత్రం ఒగ్గేసుకోలేం, అది పోతే కొంపలన్నీ పస్తే. టీకా ఏసినోడు సైరనింటే ఆగలేడు. ఈ పదిహేడుమందికీ ఏసేస్తే ఇంకో పదిహేడుమందిని సూసుకోవాల. టీకా లేనోళ్ళు ఇంకెవరున్నారు? ఎనిమిదేళ్ళ లోపోళ్ళే."

 ఒకావిడ చంకలో పిల్లని ఇటునుంచి అటు మార్చుకుంది. సుభద్ర చెవిలో యంత్రాన్ని తట్టింది.

"తీరదర్శీ, పదిహేడు పడవలకి ఎంతమంది కావాలి?"

"ఒక్కరు. తాళ్ళన్నీ ఒకే లావుపాటి మోకుకి కలిపి, కూలిన వంతెన స్తంభానికి మూడు చుట్లు చుట్టి వదిలితే ఒక్కరు చాలు. ఈ లెక్క పదకొండేళ్ళ క్రితమే ఊరికి పంపాను."

సుభద్ర ఆ మాట పైకి చెప్పింది. ఎర్రన్న కాదనలేదు.

"వచ్చింది, కాయితం వచ్చింది. మరి ఆ ఒక్కడూ ఎవరింటోడు?"

"ఎవరైతేనేం?"

"అదేటమ్మా అలగంటారు! పోలయ్య ఇంటోడైతే పోలయ్య పడవే సూసుకుంటాడు. మా ఇంటోడైతే పోలయ్య నమ్మడు. ఓ బార తాడు ముందూ ఎనకా అయితే సాలు, పడవ మరుండదు. ఎవుడి పడవకి ఆడి మనిషుండాల."

"అందుకని ఇంటికొకరిని చంపుకుంటున్నారా?"

"సంపుకోడమేటి? ఒగ్గేసి ఎల్తన్నాం" అన్నాడు ఎర్రన్న. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కిందటి నెల పోయిన ఆరుగురిలో ఆయన కూతురు ఒకతె.

అప్పుడు బంగారి వదిన దేముడమ్మ వెనక వరసలోంచి నెమ్మదిగా అంది. "మేడమ్మగోరు ఎవరింటి మనిషీ కాదు గదా."

తలలన్నీ లేచాయి.

"ఆవిడికీ టీకా లేదంట, భయం లేదంట. బంగారే సెప్పింది."

"ఓసి నీ నోరు పడ! సిగ్గు లేదేటి వదినా నీకు?" అని బంగారి లేచింది. ఆమెని ఎవరూ పట్టించుకోలేదు. పోలయ్య ఎర్రన్న వైపు చూశాడు, ఎర్రన్న పోలయ్య వైపు చూశాడు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరికీ ఒక మాట మీద కుదిరింది అదే మొదటిసారి.

సుభద్ర ఖాళీగా మిగలబోయే పట్టీల వైపు ఒకసారి చూసింది. "సరే" అంది.

"డాక్టర్, మీరు మరణించే అవకాశం వందలో నలభై ఒకటి" అని తీరదర్శి చెవిలో చెప్పింది.

"ఈ పదిహేడుమందికీ?"

"ఒక్కొక్కరికీ అంతే."

"అయితే లెక్క సరిపోయింది" అంది సుభద్ర.

పట్టీలు కట్టడం మొదలుపెట్టారు. మగవాళ్ళు ఒడ్డుకి పోయి తాళ్ళన్నీ మోకుకి కలిపారు. రెండున్నరకి బంగారి వంతు వచ్చింది. పందొమ్మిది నిమిషాలూ పిడికిళ్ళు బిగించుకుని కూర్చుంది. పట్టీ విప్పగానే బడి గోడ పక్కకి పోయి వాంతి చేసుకుంది. ఆమె నోట ఇక వేళాకోళం రాలేదు. తిరిగొచ్చి అన్న చొక్కా పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నానక్కడేనా కూకున్నాను? ఆ నీళ్ళల్లోనేనా? అంతా తెలిసి నన్నక్కడ ఒగ్గేసి ఎల్లిపోనార్రా మీరు?"

 ఆమె అతని గుండె మీద రెండు చేతులతోనూ కొట్టింది, తర్వాత అతన్నే పట్టుకుని ఏడ్చింది. సుభద్ర ఆ ఏడుపుని దగ్గర్నుంచి చూసింది. ఇంత జ్ఞాపకాన్ని తన వంతు కూడా మోసిన అక్క ఎలా బతికిందో అనుకుంది.

సరిగ్గా నాలుగింటికి సైరన్ మోగింది. జనం వెనక్కి తిరిగి చూడకుండా నడిచారు. చిన్నా పెద్దా అందరి కళ్ళూ ఒకేలా పెద్దవయ్యాయి. షెల్టరు దారి పట్టేముందు ఇంటికొకరు చొప్పున ఒడ్డుకి పరిగెత్తుకొచ్చి, భయంతో ఒణుకుతూనే తమ పడవ ముడి లాగి చూసుకుని పోయారు. మోకు పట్టుకున్న మనిషి మొహం ఎవరూ చూడలేదు. బంగారి ఒక్కతే సుభద్ర చెయ్యి గుంజింది. "మీరూ వచ్చీండమ్మా, మీకు తెల్దు, మీకు తెల్దు" అంటుండగానే కాళ్ళు ఆమెని లాక్కుపోయాయి.

ఒడ్డు ఖాళీ అయింది. సుభద్ర నడుముకి తాడు కట్టుకుని వంతెన స్తంభానికి ఆనుకుంది. వాన మొదలైంది. పదిహేడు పడవలూ ఒక్క మోకు మీద లేస్తూ పడుతున్నాయి. తీరదర్శి మాట్లాడింది.

"డాక్టర్, ఈ రోజు జరిగినదాన్నిబట్టి ఒక సిఫారసు తయారుచేశాను. తీరం మొత్తం మీద ఇంటికొకరు చొప్పున సుమారు తొమ్మిదివేలమంది ఆగిపోతున్నారు. ఊరికొకరైతే ఆరువందల పన్నెండుమంది చాలు. బయటివాళ్ళయితేనే ఊరు నమ్ముతుందని ఇవాళ తెలిసింది. కాబట్టి ఏ ఇంటికీ చెందనివాళ్ళు కావాలి."

"అంతమంది ఎక్కడ దొరుకుతారు?"

"దొరకరు, పెంచాలి. అనాథ శరణాలయాల్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని పరిశీలించి, తక్కువగా ఏడ్చేవాళ్ళని ఎంచుకుని, వాళ్ళకి టీకా వెయ్యకుండా ఉంచాలి."

"తక్కువగా ఏడ్చేవాళ్ళని ఎంచాలని నీకెవరు చెప్పారు?"

"మీ అక్కగారు. పొద్దున్న మీ ఫోను నా ద్వారానే వెళ్ళింది. మీ విషయంలో ఆ ఎంపిక సరిగ్గా పనిచేసింది." యంత్రం సిఫారసుని ఆమె మణికట్టు మీది తెరకి పంపింది. "అమలు చెయ్యాలంటే మీ వేలిముద్ర కావాలి. సిగ్నల్ ఇంకో ఆరు నిమిషాలే ఉంటుంది."

సుభద్ర మణికట్టు మీది తెర తుడుచుకుని సిఫారసు మొత్తం చదివింది. తొమ్మిదివేలలోంచి ఆరువందల పన్నెండు తీసేసింది. లెక్క తప్పేమీ లేదు, ఎనిమిదివేలకి పైగా ప్రాణాలు. ఎక్కడో ఒక శరణాలయంలో మోకాలు కొట్టుకుపోయినా ఏడవకుండా నిలబడ్డ పిల్లని ఊహించడానికి ప్రయత్నించింది. ఊహకి వచ్చింది. ఆ పిల్ల మీద జాలి కలగాలి కదా అని చూసింది. ఆరు నిమిషాల్లో నాలుగు అందుకే ఖర్చుపెట్టింది.

ఏమీ కలగలేదు. బొటనవేలు తెర మీద నొక్కింది.

"అందింది, ధన్యవాదాలు" అంది తీరదర్శి.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి. సుభద్ర ఒక బార మోకు వదిలింది.